ఇంట్లోనే చెమట పట్టించుకుంటారా?

ఈ శీర్షిక చూసి నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. మే నెలలో రెంటచింతలలోనూ, రామగుండంలోనూ ఎండలు ఎలా మండిపోతాయో తెలిసినవాళ్ళం మనం. వీధరుగు మీద పది నిమిషాలు కూర్చుంటే చాలు, చొక్కా తడిసి ముద్దవుతుంది. అలాంటి చోట డబ్బిచ్చి ఒక కర్రపెట్టె కొనుక్కుని, పైగా కరెంటు బిల్లు కట్టి, అందులో కూర్చుని చెమట కార్చుకోవడమేమిటని మీకు అనిపిస్తే ఆశ్చర్యం లేదు.

కాని ఉత్తరాలు వస్తూనే వున్నాయి. "డాక్టరుగారూ, ఇంట్లో ఇన్‌ఫ్రారెడ్ సౌనా పెట్టించుకుందామనుకుంటున్నాము. ఏ హీటరు మంచిది? ఎక్కడ బిగించాలి? మోకాళ్ళ నొప్పులు తగ్గుతాయా? ఒళ్ళు తగ్గుతుందా?" అని. రాసేవాళ్ళలో కొందరు హైదరాబాదులో జిమ్ములు, పెద్ద హోటళ్ళు చూసివచ్చినవాళ్ళు. మరికొందరు అమెరికాలో కొడుకు ఇంట్లోనో, కూతురు ఇంట్లోనో ఆరునెలలుండి, చలికాలమంతా ఆ పెట్టెలో వెచ్చగా కూర్చుని, ఆ సుఖం మరిచిపోలేక తిరిగి వచ్చిన తల్లిదండ్రులు. వీళ్ళందరికీ విడివిడిగా జవాబు రాయడం నావల్ల కాదు కాబట్టి ఈ వారం ఇదే సంగతి.

ముందు ఒకమాట. చెమట పట్టించి వైద్యం చెయ్యడం మనకు కొత్తేమీ కాదు. జలుబు చేస్తే దుప్పటి ముసుగేసి ఆవిరి పట్టడం, బెణికితే కాపడం పెట్టడం ప్రతి ఇంట్లోనూ వున్నవే. చరకసంహితలో స్వేదాధ్యాయం అని ఒక అధ్యాయమే వుంది. నిప్పుతో చేసే స్వేదకర్మలు పదమూడు రకాలు చెప్పాడు చరకుడు. అందులో జెంతాక స్వేదం అనేది చదివితే, గుండ్రని గది కట్టి, మధ్యలో పొయ్యి పెట్టి, కట్టెలు మండించి, పొగపోయాక రోగిని లోపలికి పంపడం – అచ్చంగా సౌనాయే అనిపిస్తుంది. అంతకంటే నాకు నచ్చినదేమిటంటే, ఎవరికి స్వేదం చెయ్యకూడదో కూడా ఆయన అక్కడే రాసిపెట్టాడు. గర్భిణులు, మధుమేహం వున్నవాళ్ళు, నిత్యం మద్యం తాగేవాళ్ళు ఆ జాబితాలో వున్నారు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి. తర్వాత పని పడుతుంది.

అసలు సౌనా ఫిన్లండు వాళ్ళది. రాళ్ళను కాల్చి, గదిలో గాలిని 80, 90 డిగ్రీలదాకా వేడెక్కించి, రాళ్ళమీద నీళ్ళు చల్లి, ఆ ఆవిరిలో కూర్చుంటారు. 2020లో యునెస్కో వారు ఈ ఆచారాన్ని మానవజాతి సాంస్కృతిక వారసత్వం జాబితాలో చేర్చారు. ఇన్‌ఫ్రారెడ్ పెట్టెను సౌనా అంటే అక్కడి పెద్దలు మొహం చిట్లిస్తారు. వాళ్ళ మాటలో న్యాయం లేకపోలేదు. రెండింటి పద్ధతి వేరు.

ఎలా వేరో ఒక చిన్న ఉదాహరణ. సంక్రాంతి రోజుల్లో పొద్దున్నే పెరట్లో నీడన నిలబడితే వణుకు పుడుతుంది. రెండడుగులు వేసి ఎండలోకి వస్తే హాయిగా వుంటుంది. గాలి రెండుచోట్లా ఒకటే. తేడా అంతా మీ ఒంటిమీద పడుతున్న కిరణాలది. ఆ కిరణాల్లో కంటికి కనిపించనివి వున్నాయని 1800లో విలియం హెర్షెల్ కనిపెట్టాడు. గాజుపట్టకంలోనుంచి వచ్చిన రంగుల్లో ఎరుపు దాటిన చీకటిచోట థర్మామీటరు పెడితే, అక్కడే పాదరసం ఎక్కువగా ఎక్కింది. అవే పరారుణ కిరణాలు, అంటే ఇన్‌ఫ్రారెడ్. 1890లలో అమెరికాలో జాన్ హార్వీ కెల్లాగ్ అనే డాక్టరు (అవును, కార్న్‌ఫ్లేక్స్ కెల్లాగే) చుట్టూ కరెంటు బల్బులు బిగించిన పెట్టెలో రోగుల్ని కూర్చోబెట్టి చెమట పట్టించాడు. నేటి పెట్టెలకు అది తాతగారు.

కనుక ఫిన్లండు సౌనాలో వేడిగాలి మిమ్మల్ని వేడెక్కిస్తుంది. ఇన్‌ఫ్రారెడ్ పెట్టెలో హీటరే నేరుగా మీ చర్మాన్ని వేడెక్కిస్తుంది. గాలి 45 నుంచి 60 డిగ్రీల మధ్య వుంటే చాలు. ఈ ఒక్క విషయం బుర్రకెక్కితే హీటరు ఎంచుకోవడం సగం వచ్చినట్టే. గాలిని కాచే హీటరు ఏ మూల వున్నా ఫరవాలేదు. ఒంటిని కాచే హీటరు ఒంటికి ఎదురుగా, తగిన దూరంలో, తగిన వెడల్పుతో వుండి తీరాలి.

ఇక అమ్మేవాళ్ళు చెప్పే మాటలు. "మా కిరణాలు నాలుగు సెంటీమీటర్లు లోపలికి దిగి ఎముకను తాకుతాయండీ" అంటారు. నమ్మకండి. ఈ పెట్టెల్లో ఎక్కువగా వాడే దూర పరారుణ కిరణాలు చర్మం పైపొరలోనే, మిల్లీమీటరులో కొంతభాగంలోనే ఇంకిపోతాయి. ఎర్రగా వెలిగే దీపాలనుంచి వచ్చే సమీప పరారుణ కిరణాలు మాత్రం కొద్ది మిల్లీమీటర్లు దిగుతాయి. లోపలిదాకా వేడిని మోసుకుపోయేది కిరణం కాదు, మీ రక్తం. "విషపదార్థాలన్నీ చెమటలో పోతాయి" అనేది ఇంకో మాట. చెమటలో వుండేది ప్రధానంగా నీళ్ళు, ఉప్పు. మలినాలు తీసే పని మూత్రపిండాలది, కాలేయానిది. వాటికి సెలవిచ్చే యంత్రం ఇంకా రాలేదు. "ఒళ్ళు తగ్గుతుంది" అనేది మూడోది. అరగంట కూర్చున్నాక కాటా ఎక్కితే అరకిలో తగ్గినట్టు చూపిస్తుంది నిజమే. రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగండి, ఆ అరకిలో మళ్ళీ ఇంటికి వచ్చేస్తుంది.

మరి గుండెకు మంచిదంటారే? తూర్పు ఫిన్లండులో 2,315 మంది మగవాళ్ళను ఇరవై ఏళ్ళపాటు గమనించి 2015లో ప్రకటించిన ఫలితాల్లో, వారానికి నాలుగైదుసార్లు, అంతకంటే ఎక్కువ సార్లు సౌనాకు వెళ్ళేవాళ్ళలో హఠాత్తుగా గుండె ఆగి పోవడం తక్కువగా కనిపించింది. అయితే అది రాళ్ళ సౌనా. పైగా అన్నిసార్లు సౌనాకు పోగలిగినవాడు ముందునుంచే ఆరోగ్యవంతుడై వుండవచ్చు కూడా. జపానులో కగోషిమా విశ్వవిద్యాలయానికి చెందిన చువా టే అనే డాక్టరు మాత్రం దూర పరారుణ గదినే గుండె జబ్బువాళ్ళకు వాడాడు. 60 డిగ్రీల్లో పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి, తర్వాత అరగంట దుప్పటి కప్పి పడుకోబెట్టడం ఆయన పద్ధతి. అది ఆస్పత్రిలో డాక్టర్లు పక్కనుండి చేసినది. అది చదివి ఇంట్లో మనకు మనం గుండె వైద్యం చేసుకోరాదు.

కీళ్ళ నొప్పుల సంగతి కొంచెం ఆశాజనకంగా వుంది. నెదర్లాండ్సులో పదిహేడుమంది కీళ్ళవాతం రోగులకు, పదిహేడుమంది వెన్నుపూస బిగుసుకుపోయే రోగులకు నాలుగు వారాల్లో ఎనిమిదిసార్లు ఇన్‌ఫ్రారెడ్ సౌనా ఇచ్చి 2009లో ఫలితాలు ప్రకటించారు. కూర్చున్న సమయంలో నొప్పి, బిగువు బాగా తగ్గాయి. జబ్బు ముదరలేదు. కాని నాలుగు వారాల తర్వాత చూస్తే గట్టిగా చెప్పుకోదగ్గ తేడా మిగల్లేదు. అంటే ఇది ఉపశమనమే, చికిత్స కాదు. ఉపశమనం అంటే తక్కువేమీ కాదులెండి. పొద్దున్నే లేచి కాఫీ గ్లాసు పట్టుకోలేని మనిషిని అడగండి, ఉపశమనం విలువ చెబుతారు.

అలాంటి మనిషి తెనాలిలో ఒకరున్నారు. నాకు బాగా తెలిసిన రిటైర్డు లెక్చరరు ఒకాయన వున్నారు, ఊళ్ళో అందరూ మాస్టారు అంటారు. ఆయన భార్యకు పన్నెండేళ్ళుగా కీళ్ళవాతం. మాస్టారికి అంతకంటే ముందునుంచే షుగరు. 2023 చలికాలంలో మాస్టారు నాకు ఫోను చేసి, "మా అబ్బాయి అమెరికానుంచి సౌనా హీటర్లు పంపిస్తానంటున్నాడు. పెట్టె ఇక్కడ వడ్రంగిచేత చేయించుకుంటే సరి. మీరొకసారి వచ్చి చూసి చెప్పండి" అన్నారు. వెళ్ళాను. ఆ ఇంట్లో మేము చేసినదంతా చెబితే మీ ప్రశ్నల్లో ఎక్కువవాటికి జవాబు దొరుకుతుంది.

మొట్టమొదట అమెరికా హీటర్లు వద్దన్నాను. మాస్టారికి కష్టం వేసింది. "ఫారిన్ సరుకండీ" అన్నారు. ఫారినుదే, కాని అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. హీటరు తీసుకునే శక్తి వోల్టేజి వర్గాన్నిబట్టి పెరుగుతుంది. మాస్టారు లెక్కల లెక్చరరే కాబట్టి కాగితం ఆయనకే ఇచ్చాను. 1,500 వాట్ల హీటరు మన ప్లగ్గులో పెడితే 5,500 వాట్లు లాగాలి. అంతసేపు అది వుండదనుకోండి, కాలిపోతుంది. కాలిపోయేటప్పుడు చుట్టూ వున్నది ఎండుకర్ర, లోపల వున్నది మనిషి. లెక్క తేలగానే మాస్టారు ఇంకేమీ అనలేదు. మన దేశంలో 230 వోల్టులకు చేసినవే కొనాలని తీర్మానమైంది.

ఏ రకం? బజార్లో ముఖ్యంగా మూడు రకాలున్నాయి. కార్బన్ పేనళ్ళు అంటే పలకల్లా వెడల్పుగా, పల్చగా వుంటాయి. పైభాగం వేడి సాధారణంగా నూరు డిగ్రీల లోపే. సిరామిక్‌వి చిన్నవి. రెండు మూడు వందల డిగ్రీలదాకా కాలతాయి, అంటే ఇస్త్రీపెట్టెతో సమానం. ఎర్రగా వెలిగే క్వార్ట్జ్, హాలోజెన్ గొట్టాలు ఇంకా వేడి. వీటినే "ఫుల్ స్పెక్ట్రమ్" అని గొప్పగా అమ్ముతారు. వేడి ఎంత ఎక్కువైతే కిరణం అంత పొట్టిది. ఇది భౌతికశాస్త్రం, కంపెనీల మహిమ కాదు. పెద్దవాళ్ళు కూర్చునే పెట్టెకు నా ఓటు వెడల్పాటి కార్బన్ పేనళ్ళకే. తక్కువ వేడి, ఎక్కువ వైశాల్యం – కుంపటికి, పొద్దుటి ఎండకు వున్నంత తేడా. ఎర్ర గొట్టాల ముందు రోజూ కూర్చోవడం కళ్ళకు కూడా మంచిది కాదు. కొలిమి ముందు ఏళ్ళతరబడి పనిచేసిన గాజు కార్మికులకు శుక్లాలు రావడం వైద్యులకు చాలాకాలంగా తెలిసిన విషయమే.

కొందరు కరెంటు హీటరు బదులు గది వేడిచేసే మామూలు రాడ్ హీటరు పెట్టెలో పెట్టేస్తే చాలదా అని రాశారు. చాలదు, పెట్టకూడదు. బొగ్గుల కుంపటి అసలే వద్దు. మూసిన పెట్టెలో కుంపటినుంచి వచ్చే విషవాయువుకు వాసన వుండదు. నిద్ర వచ్చినట్టుంటుంది, అంతే.

బిగించే చోటు చెబుతాను. మాస్టారి ఇంట్లో ఒక్క మనిషి పెట్టె. వీపు వెనక రెండు పేనళ్ళు, అటూ ఇటూ పక్కన ఒక్కొక్కటి, బల్ల కింద పిక్కలకు ఎదురుగా ఒకటి, తలుపు పక్కన ముందువైపు ఒకటి. ముందువైపు పేనలు దండగని షాపువాళ్ళు తీసేస్తుంటారు. అది లేకపోతే వీపు కాలుతుంది, మోకాళ్ళు చల్లగా వుంటాయి. నొప్పి వున్నది మోకాళ్ళకైతే ఏం లాభం? తలమీద, కప్పుకు మాత్రం హీటరు వద్దు. తల చల్లగా వుండటమే మంచిది. ప్రతి పేనలు ముందూ కర్ర పట్టీలు అడ్డంగా కొట్టించాలి. చెయ్యిగాని, టవలుగాని పేనలును తాకకూడదు. వెనకవైపు గోడకూ పేనలుకూ మధ్య కొద్దిగా ఖాళీ వుంచి అల్యూమినియం రేకు పరిపిస్తే వేడి వెనక్కి పోకుండా ముందుకే వస్తుంది.

బల్ల ఎత్తు గురించి షాపుల్లో ఎవరూ అడగరు. మామూలుగా అడుగున్నర పెడతారు. మాస్టారి భార్యకు అంత కిందనుంచి లేవడం కష్టం. రెండంగుళాలు పెంచి, పక్కన పట్టుకు లేవడానికి కర్రతోనే ఒక పిడి బిగించమన్నాను. ఇనుపదైతే వేడెక్కి చుర్రుమంటుంది.

వడ్రంగి ప్లైవుడ్డుతో చేసి పైన సన్‌మైకా అతికిస్తానన్నాడు. వద్దన్నాం. వేడికి ఆ జిగురులోనుంచి, వార్నిషులోనుంచి ఘాటైన ఆవిర్లు వస్తాయి. బాగా ఆరిన, జిగురు కారని కర్ర, ఏ పాలిషూ లేకుండా, నున్నగా చిత్రికపట్టి వాడాలి. మేకులు లోపలికి కొట్టి తలలు కనబడకుండా చెయ్యాలి. తలుపు బయటికి తెరుచుకోవాలి. గడియ పెట్టకూడదు – లోపలగాని, బయటగాని. నెడితే వచ్చేసే అయస్కాంతపు పట్టు చాలు. కళ్ళు తిరిగిన మనిషి తలుపుమీద వాలితే తలుపు తెరుచుకోవాలి. కిందొక రంధ్రం, పైనొకటి గాలికి. ఇంత చెబుతుంటే వడ్రంగి "సార్, ఇది పెట్టెకాదు, శాస్త్రం" అన్నాడు.

ఇప్పుడు కరెంటు. ఇక్కడ మాత్రం నేను ఎవరి మొహమాటానికీ లొంగను. ఎలక్ట్రీషియను వచ్చి, "ఏం కాదు సార్, గీజరు ప్లగ్గు వుందిగా, దాంట్లోంచి లాగేస్తాను" అన్నాడు. చెమటతో తడిసిన ఒళ్ళు కరెంటుకు తెరిచిన తలుపులాంటిది. పొడిచర్మం కొంత అడ్డుపడుతుంది, తడిచర్మం పడదు. గీజరు షాకుతో పోయినవాళ్ళ సంగతులు పేపర్లో చదువుతూనే వున్నాం కదా. కాబట్టి పెట్టెకు బోర్డునుంచి విడిగా ఒక లైను రావాలి. ఒక మనిషి పెట్టె 1,500 వాట్లనుకుంటే ఆరున్నర ఆంపియర్లు, ఇద్దరి పెట్టె 2,000 వాట్లయితే తొమ్మిది ఆంపియర్లకు కొంచెం తక్కువ. 2.5 ఎం.ఎం. రాగి వైరు, 16 ఆంపియర్ల ఎం.సి.బి., పవర్ ప్లగ్గు. వీటికి మించి తప్పనిసరిగా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఒకటి. కరెంటు దారితప్పి మీ ఒంట్లోకి వస్తే రెప్పపాటులో లైను తెంచేది అదే. ఎం.సి.బి. ఆ పని చెయ్యదు. రెండూ ఒకటేనని చెప్పే ఎలక్ట్రీషియనుకు కాఫీ ఇచ్చి పంపించెయ్యండి. ఆర్.సి.సి.బి. మీద 'టి' అని ఒక బొత్తాం వుంటుంది. నెలకొకసారి నొక్కండి. టప్పున పడిపోతే బాగున్నట్టు.

ఎర్తు సంగతి. మాస్టారి ఇంట్లో ప్లగ్గుకు మూడో కన్నం వుంది, దాని వెనక తీగ లేదు! మన చిన్న ఊళ్ళలో ఇది ఎన్ని ఇళ్ళలో చూశానో. పెరట్లో గొయ్యి తవ్వి, ఎర్తు వేయించి, మీటరుతో కొలిపించాకే మిగతాపని మొదలుపెట్టాం. ఇంకొక చిన్న విషయం. పేనళ్ళ వెనక మామూలు పి.వి.సి. వైరు వాడకూడదు. అది 70 డిగ్రీలకు మించి ఓర్చుకోలేదు. వేడికి తట్టుకునే సిలికాన్ వైరు అడగండి. వేడి మితిమీరితే తనంతట ఆగిపోయే కట్ అవుట్ ప్రతి హీటరుకూ వుందా, అరగంటకు మించకుండా ఆపేసే టైమరు వుందా అని కొనేటప్పుడే అడగండి. "ఇ.ఎం.ఎఫ్. సున్నా" అని అమ్మేవాళ్ళు చాలామంది. నన్నడిగితే దానికి పెట్టే అదనపు డబ్బు ఎర్తుకు పెట్టండి. పెట్టెను స్నానాలగదిలో పెట్టకండి. ఈ హీటర్లమీద నీళ్ళు చల్లకండి. సాయంత్రంపూట వోల్టేజి 200కు పడిపోయే పేటల్లో 1,500 వాట్ల హీటరు 1,100 వాట్లే ఇస్తుంది. పెట్టె చెడిపోయిందని కంగారుపడక్కర్లేదు.

పెట్టె తయారైంది. మాస్టారు తువ్వాలు భుజాన వేసుకుని తయారైపోయారు. నేను ఆపి, కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమని, సన్నని నైలాను తీగతో అరికాళ్ళమీద పదిచోట్ల తాకించాను. తగిలినప్పుడల్లా చెప్పమన్నాను. ఆరుసార్లే చెప్పారు. మిగతా నాలుగుచోట్ల తీగ వంగినా ఆయనకు తెలియలేదు.

దాని అర్థం చదువరులకు తెలియాలి. ఏళ్ళతరబడి షుగరు వుంటే పాదాల నరాలు మొద్దుబారతాయి. కాలుతున్నా తెలియదు. చలికాలంలో వేడినీళ్ళ సంచీమీద, హీటరుకు దగ్గరగా కాళ్ళు పెట్టుకుని నిద్రపోయి, పొద్దున్న బొబ్బలతో నా దగ్గరకు వచ్చినవాళ్ళు చాలామంది. బొబ్బ మానదు, పుండవుతుంది. అలాంటి పుండు ఎక్కడిదాకా పోతుందో మీరు వినేవుంటారు. పిక్కలకు ఎదురుగా హీటరు పెట్టిన పెట్టెలో అలాంటి పాదాలతో కూర్చోవడానికి నేను ఒప్పుకోలేదు. "డబ్బు నాది, పెట్టె నాది, కూర్చునేది ఆవిడా?" అన్నారు మాస్టారు. నిజంగానే కోపం వచ్చింది. రెండురోజులు నాతో సరిగా మాట్లాడలేదు. చరకుడు కూడా మధుమేహానికి వద్దన్నాడని నేను చెబితే, "ఆయన కాలంలో ఇన్సులిన్ లేదుగా" అన్నారు. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళకు ఇంకో చిక్కుంది. సూది వేసుకున్న వెంటనే వేడిలో కూర్చుంటే మందు త్వరగా రక్తంలో కలిసి చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు.

షుగరు వున్న ప్రతివాళ్ళకూ వద్దనడం లేదు. ముందు పాదాలు చూపించుకోండి. స్పర్శ బాగుంటే డాక్టరు సలహాతో జాగ్రత్తగా వాడవచ్చు. అసలు దగ్గరకు పోకూడనివాళ్ళు వేరే వున్నారు. గర్భిణులు, ముఖ్యంగా మొదటి మూడునెలల్లో, బిడ్డ వెన్ను, మెదడు తయారయ్యే సమయం కాబట్టి. ఈమధ్యనే గుండెపోటు వచ్చినవాళ్ళు, నడిస్తే గుండెనొప్పి వస్తున్నవాళ్ళు, గుండె కవాటం బాగా ఇరుకైనవాళ్ళు. జ్వరం వున్నవాళ్ళు, మందు తాగినవాళ్ళు, చిన్నపిల్లలు. బి.పి.కి మూత్రం ఎక్కువపోయే మాత్రలు వేసుకునేవాళ్ళు, ఒంటికి అతికించే మందుపట్టీలు వాడేవాళ్ళు ముందు తమ డాక్టరుకు చెప్పాలి. వేడికి ఆ పట్టీలోని మందు ఎక్కువగా ఒంట్లోకి పోతుంది. పిల్లలకోసం ఎదురుచూస్తున్న మగవాళ్ళు కొన్నాళ్ళు మానెయ్యండి. వేడికి వీర్యకణాలు తగ్గుతాయి. మానేశాక కొన్ని నెలల్లో మళ్ళీ పెరుగుతాయి, భయం లేదు. కీళ్ళవాతం వున్నవాళ్ళు కూడా, కీలు ఎర్రగా వాచి కాలిపోతున్న రోజుల్లో కూర్చోకూడదు.

ఇక మాస్టారి భార్య సంగతి. ఆవిడకు గుండె, బి.పి. పరీక్షించి సరేనన్నాక ఒక చిక్కు వచ్చింది. లోపల లోహపు వస్తువులు ఏవైనా వేడెక్కుతాయి, తీసెయ్యమన్నాను. గాజులు తీశారు, పిన్నీసులు తీశారు, సూత్రం మాత్రం తియ్యనంటే తియ్యనన్నారు. "పోనీలెండమ్మా, మెత్తటి తువ్వాలు మెడచుట్టూ వేసుకుని దాని కిందికి తోసెయ్యండి" అన్నాను. అలాగే చేస్తున్నారు, ఇబ్బంది లేదు.

మొదటిరోజు 45 డిగ్రీలు, పది నిమిషాలు. వారం గడిచాక పదిహేను, తర్వాత ఇరవై. అంతకుమించి వద్దు. గాలి 55, 60కి వచ్చేదాకా బయట కాచుకోవలసిన పని లేదు. పేనళ్ళు వేడెక్కాక కిరణాలు పనిచేస్తూనే వుంటాయి. వారానికి రెండుమూడుసార్లు చాలు. భోజనం చేసిన వెంటనేగాని, ఖాళీకడుపునగాని కూర్చోకూడదు. ముందు రెండు గ్లాసుల నీళ్ళు. తర్వాత పల్చని మజ్జిగ, బి.పి. లేనివాళ్ళు చిటికెడు ఉప్పు వేసుకోవచ్చు. చెమటకు తడిసే టవలు ఒకటి బల్లమీద, ఒకటి పాదాల కింద. లేచేటప్పుడు ఒక్కసారిగా లేవకుండా, హీటరు ఆపి, తలుపు తెరిచి, రెండు నిమిషాలు కూర్చుని లేవాలి. వేడికి రక్తనాళాలు విచ్చుకుని వుంటాయి. గబుక్కున నిలబడితే కళ్ళు చీకట్లు కమ్ముతాయి. ఇంట్లో రెండోమనిషి లేనప్పుడు కూర్చోకూడదు. తొడలమీద, వీపుమీద గోధుమరంగు వలలాంటి మచ్చలు కనిపిస్తే మానెయ్యాలి. కాశ్మీరులో చలికి కాంగ్డీ కుంపట్లు ఒడిలో పెట్టుకునేవాళ్ళకు వచ్చేవి అవే. అక్కడ ఏళ్ళతరబడి నిర్లక్ష్యం చేస్తే చర్మం క్యాన్సరు కూడా వస్తుంది.

కీళ్ళకు డాక్టరు ఇచ్చిన మాత్రలు ఆవిడ ఒక్క వారం కూడా ఆపలేదు, ఆపనివ్వలేదు. కూర్చున్న రోజు సాయంత్రం వేళ్ళు తేలికగా ముడుచుకుంటున్నాయని, జడ తనే వేసుకుంటున్నానని చెప్పారు. మర్నాడు పొద్దున్నకు మళ్ళీ మామూలే. ఆ ఒక్క సాయంత్రానికే ఆవిడ సంతోషం. ఒక్క మోకాలికో, ఒక్క భుజానికో నొప్పి వున్నవాళ్ళు ఇంత హంగామా చెయ్యనక్కర్లేదు. వేడినీళ్ళ సంచీతో కాపడం పెట్టుకుంటే అదే ఫలితం, రూపాయల్లో దొరుకుతుంది. ఒళ్ళంతా కీళ్ళు పట్టేసినవాళ్ళకే ఈ ఖర్చు గురించి ఆలోచించమంటాను.

మార్చి నెలాఖరునుంచి వానలు పడేదాకా పెట్టె మూసివెయ్యమని మాస్టారికి చెప్పాను. కోస్తాలో ఎండాకాలం గాలిలో తేమ ఎక్కువ, పట్టిన చెమట ఆరదు. అప్పటికే ఒంట్లో నీరు తక్కువగా వుంటుంది. అలాంటప్పుడు ఇంకా వేడి ఎక్కించుకోవడం వడదెబ్బను ఇంట్లోకి పిలవడమే. మిగతా నెలల్లో ముక్కాలుగంట వాడితే ఒక యూనిటుకు కాస్త ఎక్కువ కాలుతుంది, అంతకంటే బిల్లు భయం లేదు.

మాస్టారు ఇప్పుడు పెట్టె పక్కన కుర్చీ వేసుకుని గడియారం పట్టుకుని కూర్చుంటున్నారు. టైమరు వుండగా ఆయనెందుకని ఆవిడ అంటే, కరెంటు పోతే టైమరూ పోతుంది కదా అంటారు. వాడాక తలుపు ఒక గంట తెరిచి వుంచి, బల్ల తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టడం కూడా ఆయనే చూసుకుంటున్నారు. లేకపోతే కర్రకు బూజు పడుతుంది, మన తేమ గాలికి రెండువారాలు చాలు. తువ్వాళ్ళు మాత్రం ఎప్పటికప్పుడు ఉతికినవే వాడండి, ఒకరివి ఒకరు వాడకండి.